నలిగిన చేతికి ఊపిరి

వేసవిలో చెరకు రసం బండి దగ్గర నిలబడితే రెండు రోలర్ల మధ్యకు గడ దూరడం, అవతలి వైపు పిప్పి రావడం చూస్తూ ఉంటాం. గడతో పాటు చెయ్యి కూడా లోపలికి వెళ్లిపోయిన ప్రమాదాలు పెద్దాసుపత్రుల క్యాజువాలిటీ వాళ్లకు కొత్త కాదు. అలాంటి చెయ్యి ఒకటి ఈ రాత్రి వచ్చిందనుకుందాం. చర్మం అక్కడక్కడ చిట్లింది తప్ప పెద్దగా తెగలేదు. నెత్తురు ధార కట్టడం లేదు. చిన్న ఎముకలు రెండు విరిగాయి, వాటిని సరిచేయవచ్చు. పక్క మంచం మీద కొడవలితో అరచెయ్యి లోతుగా కోసుకున్న మనిషి ఉన్నాడు. చొక్కా అంతా రక్తం. చూడగానే గుండె జారేది అతన్ని చూసే.

పది రోజులకు ఆ రెండో మనిషి కుట్లు విప్పించుకుని ఇంటికి వెళతాడు. చెరకు మిషన్‌లో పడిన చెయ్యి మాత్రం రెండో రోజుకు రెట్టింపు లావు వాస్తుంది. మూడో రోజుకు వేళ్ల కొసలు నల్లబడడం మొదలవుతుంది. మొదటి రోజు బతికే ఉన్నాయనిపించిన కండరాలను నాలుగో రోజున థియేటర్‌లో కోసి తీసేయాల్సి వస్తుంది. అదే ఆసుపత్రి, అవే మందులు, అంతే శ్రద్ధ. కోసుకున్న చెయ్యి మానింది. నలిగిన చెయ్యి ఎందుకు నల్లబడింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, అలాంటి రోగిని జలాంతర్గామి లాంటి ఒక ఉక్కు గదిలో కూర్చోబెట్టి, సముద్రంలో 15 మీటర్ల లోతున ఉండేంత ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎందుకు పీల్పిస్తారో కూడా అర్థమవుతుంది. దాని పేరు హైపర్‌బేరిక్ ఆక్సిజన్ థెరపీ. అధిక పీడన ఆక్సిజన్ చికిత్స అన్నమాట. ఆసుపత్రి భాషలో చాంబర్ ట్రీట్‌మెంట్.

## తెగడం వేరు, నలగడం వేరు

కత్తి ఒక గీత గీస్తుంది. ఆ గీత మీద ఉన్న కణాలు చస్తాయి, పక్కనున్నవి బతికే ఉంటాయి. వాటికి రక్తం తెచ్చే నాళాలూ క్షేమంగానే ఉంటాయి. రెండు అంచులూ దగ్గరకు చేర్చి కుట్టేస్తే మిగతా పని శరీరం చూసుకుంటుంది.

రోలరు, ట్రాక్టరు చక్రం, క్వారీలో దొర్లిన బండ, లారీ కిందపడిన కాలు: వీటి సంగతి వేరు. ఇక్కడ బలం ఒక గీత మీద కాకుండా లోతుగా, విశాలంగా పడుతుంది. సరిగ్గా మధ్యలో పడిన కండ అక్కడికక్కడే చచ్చిపోతుంది. దాన్ని ఏ వైద్యమూ తిరిగి తేలేదు. అంచులకు దూరంగా ఉన్న కండ బాగానే ఉంటుంది. ఈ రెండింటి నడుమ కొనఊపిరితో ఉన్న కండ ఒకటుంటుంది. చావలేదు, బతికిందనీ చెప్పలేం. నలుగుడు గాయానికి చేసే వైద్యమంతా ఈ నడిమి భాగం కోసమే. ప్రమాదం ఒక్క క్షణంలో జరిగిపోతుంది కానీ గాయం ఆ క్షణంతో పూర్తికాదు. ఈ నడిమి కండ వైపుకు అది మూడు నాలుగు రోజుల పాటు పాకుతూనే ఉంటుంది.

మొదటి రాత్రి డ్యూటీ డాక్టరు వచ్చి చేసే పని ఒకటి గమనించండి. రోగి వేలి గోరును గట్టిగా నొక్కి వదులుతారు. నొక్కినప్పుడు గోరు కింద తెల్లబడుతుంది. వదిలాక గులాబీ రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో మనసులో లెక్కపెట్టుకుంటారు. మీ గోరును మీరే నొక్కి చూసుకోండి, రెండు సెకన్లలోపే రంగు వచ్చేస్తుంది. నలిగిన చేతి వేళ్లకు నాలుగు, అయిదు, ఆరు సెకన్లు పడుతుంది. శివారు పొలానికి నీరు అందడం లేదని ఆ గోరు చెబుతోంది.

## ముంపులో వాడిపోయే పత్తి

పొలం మాట ఊరికే అనలేదు. శరీరంలో రక్తం పారే తీరు అచ్చం కాలువల కింద సేద్యం లాంటిదే. గుండె దగ్గర ప్రధాన కాలువ, అక్కణ్నుంచి పిల్ల కాలువలు, చివర పంట బోదెలు. ఆ బోదెలే కేశనాళికలు. ఎర్ర రక్తకణం ఒంటరిగా, కొన్నిచోట్ల ఒంగి వంకర తిరిగి మరీ దూరాల్సినంత సన్నని దారులవి. ఒంట్లో చాలా చోట్ల ఏ కణమూ తనకు దగ్గర్లోని బోదెకు వెంట్రుక మందానికి మించి దూరంలో ఉండదు. ఆక్సిజన్ ఆ కాస్త దూరమే నానుతూ వెళ్లగలదు మరి.

నలిగిన చోట ఈ బోదెల గట్లు దెబ్బతింటాయి. కొన్ని తెగిపోతాయి, కొన్ని మూసుకుపోతాయి. తెగకుండా మిగిలినవి కారుతుంటాయి. రక్తంలోని నీరు గోడల్లోంచి ఊరి కణాల మధ్య నిలుస్తుంది. మనం వాపు అంటున్నది దీన్నే.

భారీ వాన తర్వాత నీరు నిలిచిన పత్తి చేను చూసినవాళ్లకు ఇక్కడి ప్రమాదం వెంటనే తెలుస్తుంది. మోకాటి లోతు నీళ్లలో నిలబడిన మొక్క వాడిపోతుంది. కొత్తవాళ్లకు అది వింతగా ఉంటుంది కానీ, వేళ్లకు గాలి ఆడటం లేదని రైతు ఒక్కమాటలో చెప్పేస్తాడు. అది నిఖార్సయిన విజ్ఞానం. ఆక్సిజన్ గాలిలో కదిలినంత వేగంగా నీటిలో కదలలేదు, వేల రెట్లు నెమ్మదిస్తుంది. వాచిన చేతిలో జరిగేదీ అదే. బోదెకూ కణానికీ మధ్య నీరు చేరి దూరం పెరిగింది. ఆక్సిజన్ సగం దారిలోనే అయిపోతోంది. కణం ముంపులో ఉండి ఊపిరాడక చస్తోంది.

ఇది చాలదన్నట్టు ఇంకో చిక్కు ఉంది. మన చేతుల్లో, కాళ్లలో కండరాలు గట్టి పొరలతో కుట్టిన సంచుల్లో ఉంటాయి. ఆ పొర సాగదు. శనగలను గుడ్డలో బిగించి మూటకట్టి నానబెడితే రాత్రికి ఆ మూట ఎలా బిర్రబిగుస్తుందో తెలుసు కదా. వాచిన కండరం ఆ సంచిలో అలాగే బిగుస్తుంది. లోపలి ఒత్తిడి పెరిగి సన్నని నాళాలను నొక్కేస్తుంది. నొక్కుడు పడితే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆక్సిజన్ అందదు, ఆక్సిజన్ అందకపోతే నాళాల గోడలు ఇంకా కారతాయి, కారితే ఇంకా వాపు. తన తోకను తానే మింగుతున్న పాములా గాయం తిరుగుతుంది. బిగువు మరీ ముదిరితే సర్జన్ ఆ సంచిని పొడవునా కోసి తెరవాల్సిందే. దాన్ని ఫేషియాటమీ అంటారు. ఆ కోతకు బదులుగా చాంబర్ పనికిరాదు. ఈ సంగతి మొదటే చెప్పడం అవసరం.

> క్రష్ సిండ్రోమ్ అంటే ఇదేనా?
>
> కాదు. నలిగిన చోట కండ, నాళాలు, ఎముక దెబ్బతినడం క్రష్ ఇంజురీ. పెద్ద కండరాలు గంటల తరబడి శిథిలాల కింద నలిగి ఉండి, బరువు తీసిన తర్వాత ఆ చచ్చిన కండలోని పొటాషియం, మయోగ్లోబిన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి పడి గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీయడం క్రష్ సిండ్రోమ్. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడినప్పుడు, శిథిలాల నుంచి ప్రాణాలతో బయటపడినవాళ్లు కొన్ని రోజులకు మూత్రం ఆగి చనిపోవడం చూసి ఎరిక్ బైవాటర్స్ అనే వైద్యుడు 1941లో దీన్ని వివరించాడు. దానికి ముందుగా కావలసింది సెలైన్, అవసరమైతే డయాలిసిస్. ఈ వ్యాసం మొదటి దాని గురించి.

## నిండిపోయిన బస్సు

ఆక్సిజన్ అందకపోవడమే సమస్య అయితే ముక్కుకు మాస్క్ పెట్టి ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే సరిపోదా? చాలామంది అడిగే మంచి ప్రశ్న ఇది.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్న మనిషి మామూలు గాలి పీల్చినప్పుడే దాని సీట్లు నూటికి 97 దాకా నిండి ఉంటాయి. వేలికి తగిలించే ఆక్సీమీటర్ చూపించే సంఖ్య అదే, కోవిడ్ రోజుల్లో ఇంటింటా నేర్చుకున్నాం. పండక్కి బయలుదేరిన బస్సులో సీట్లన్నీ నిండాక స్టాండులో ఇంకెంతమంది నిలబడితే ఏం లాభం? మాస్క్ పెడితే మిగిలిన మూడు సీట్లూ నిండుతాయి, అంతే.

పైగా ఇక్కడ అడ్డం పడింది సీట్ల కొరత కాదు, దారి. నలిగిన చోట సందులు ఇరుకైపోయాయి. ఎర్రకణం అనే బస్సు ఆ సందులోకి తిరగలేదు. ఇరుకు సందులోకి బస్సు పోదు కానీ, నడిచి వెళ్లేవాళ్లు వెళ్లగలరు. రక్తంలో అలా నడిచి వెళ్లే ఆక్సిజన్ కూడా కొంత ఉంది. అది ఏ కణమూ ఎక్కకుండా ప్లాస్మా అనే ద్రవంలో నేరుగా కరిగి ఉంటుంది. ఎర్రకణం పట్టని చీలికలోకి కూడా ప్లాస్మా ఊరుతుంది.

చిక్కేమిటంటే అది మరీ తక్కువ. 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంటే, ప్లాస్మాలో కరిగి ఉండేది 0.3 మిల్లీలీటర్లే. విశ్రాంతిగా ఉన్న శరీరం ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తం నుంచి తీసుకునేది సుమారు 5 మిల్లీలీటర్లు. 0.3తో ఏ కణమూ బతకదు. నడిచి వెళ్లేవాళ్ల సంఖ్య పెంచాలి. ఎలా?

## గోలీసోడా చెప్పిన సంగతి

గోలీసోడా కొట్టే చప్పుడు ఇప్పుడు అరుదైపోయింది. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కగానే 'కీచ్' మని ఒక అరుపు, ఆ వెంటనే అడుగు నుంచి పైకి పొంగే బుడగలు. గోలీ బిగించి ఉన్నంతసేపూ ఆ సీసాలో ఉన్నది మామూలు నీళ్లలా కనిపిస్తుంది, ఒక్క బుడగ ఉండదు. గ్యాస్ ఎక్కడుంది? నీళ్లలో కరిగి ఉంది. దాన్ని కరిగించి ఉంచింది ఒత్తిడి. ఒత్తిడి పోగానే గ్యాస్ బయటకు వచ్చేసింది.

ద్రవం మీద వాయువు ఒత్తిడి ఎంత పెంచితే ఆ వాయువు అందులో అంత ఎక్కువ కరుగుతుందని విలియం హెన్రీ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త 1803లో చెప్పాడు. సోడా మిషన్ పనిచేసేది ఆ నియమం మీదే. హైపర్‌బేరిక్ చాంబర్ పనిచేసేదీ ఆ నియమం మీదే. సోడాలో బొగ్గుపులుసు గ్యాస్‌ను నీటిలో కరిగిస్తారు, చాంబర్‌లో ఆక్సిజన్‌ను మనిషి ప్లాస్మాలో కరిగిస్తారు.

మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని ఒక అట్మాస్ఫియర్ అంటాం. గాలిలో అయిదో వంతే ఆక్సిజన్. ఆ గాలి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చడం ఒక మెట్టు. దాన్ని రెండున్నర, మూడు అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో పీల్చడం రెండో మెట్టు. రెండూ కలిస్తే, ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్ 0.3 నుంచి 5 లేదా 6 మిల్లీలీటర్లకు చేరుతుంది. పై లెక్క గుర్తు చేసుకోండి: శరీరానికి కావలసింది సుమారు 5. అంటే ఆ ఒత్తిడిలో ఉన్నంతసేపూ ఎర్రకణం ఒక్కటీ అవసరం లేకుండా ప్లాస్మా ఒక్కటే కణాలను బతికించగలదు. ఆక్సిజన్ బోదె గట్టు దాటి నానుతూ వెళ్లే దూరం కూడా మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. ముంపులో ఉన్న కణానికి మళ్లీ గాలి ఆడుతుంది.

కాగితం మీద ఎంత బాగున్నా, నిజంగా ఒక ప్రాణి మీద తేల్చి చూడందే ఎవరు నమ్ముతారు? ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇటె బూరెమా అనే గుండె సర్జన్ ఆ పని చేశాడు. పందుల రక్తాన్ని తీసేసి, ఎర్రకణాలు లేని ప్లాస్మా లాంటి ద్రవంతో నింపి, మూడు అట్మాస్ఫియర్ల చాంబర్‌లో ఆక్సిజన్ ఇచ్చాడు. హిమోగ్లోబిన్ దాదాపు లేని స్థితిలోనూ పందులు బతికాయి. తర్వాత రక్తం తిరిగి ఎక్కిస్తే మామూలుగా కోలుకున్నాయి. 1960లో ఆయన బృందం ప్రచురించిన ఆ పరిశోధన పత్రం పేరు 'రక్తం లేని జీవితం'. ఈ వైద్యానికి గట్టి పునాది పడింది అక్కడే. మరుసటి ఏడాదే అదే నగరంలో గ్యాస్ గ్యాంగ్రీన్ రోగులకు ఈ చికిత్స మొదలైంది.

## చాంబర్‌లో గంటన్నర

విశాఖ బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన కురుసురా జలాంతర్గామిలోకి వెళ్లి వచ్చినవాళ్లు ఆ గుండ్రటి ఉక్కు గోడలను తలచుకోండి. జలాంతర్గామి గోడ బయటి సముద్రపు ఒత్తిడిని లోపలికి రానివ్వదు. చాంబర్ గోడ లోపలి ఒత్తిడిని బయటకు పోనివ్వదు. ఒకే రకం ఇంజినీరింగ్, తిరగేసిన పని. ఈ వైద్యం చాలాకాలం నౌకాదళ వైద్యుల చేతుల్లోనే ఉండటానికీ ఇదే కారణం. లోతు నుంచి గబగబా పైకి వచ్చిన డైవర్ల రక్తంలో, సోడా పొంగినట్టు, నైట్రోజన్ బుడగలు లేస్తే వాళ్లను మళ్లీ ఒత్తిడిలోకి పంపడానికి ఆ గదులు అక్కడ ఎలాగూ ఉండేవి.

చాంబర్లు రెండు రకాలు. ఒకరే పడుకునే పారదర్శక గొట్టం ఒకటి. అందులో మొత్తం ఆక్సిజనే నింపుతారు. నలుగురైదుగురు కూర్చోగల ఉక్కు గది రెండోది. అందులో గాలి ఒత్తిడి పెంచి, రోగులకు మాస్క్ లేదా తలకు తొడిగే పారదర్శక హుడ్ ద్వారా ఆక్సిజన్ ఇస్తారు. తీవ్రంగా నలిగి, సెలైన్లూ మానిటర్లూ తగిలించి ఉన్న రోగికి రెండోదే మేలు, నర్సు లోపలే పక్కన ఉండగలదు కాబట్టి.

తలుపు మూశాక ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే దాని అడుగు వేడెక్కినట్టు లోపల గాలి కాస్త వెచ్చబడుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పట్టినట్టు చెవులు దిబ్బడ వేస్తాయి. గుటక వేయమనీ, ఆవలించమనీ, ముక్కు మూసుకుని మెల్లగా ఊదమనీ చెబుతారు. అనుకున్న ఒత్తిడి చేరాక ఇక చెయ్యాల్సిందేమీ లేదు, ఊపిరి పీల్చడమే. మధ్యమధ్య అయిదేసి నిమిషాలు మామూలు గాలి ఇస్తారు. దిగేటప్పుడు గది చల్లబడి, ఒక్కోసారి సన్నని పొగమంచు కూడా కనిపిస్తుంది. ఒక సిట్టింగ్ గంట నుంచి గంటన్నర. నలుగుడు గాయానికి మొదటి రెండు మూడు రోజులు రోజుకు రెండు మూడు సార్లు, తర్వాత తగ్గిస్తూ పోతారు.

## గేటు కాస్త దించడం, గుర్రపుడెక్క తీయడం

చాంబర్ నుంచి బయటికి రాగానే కరిగిన ఆక్సిజన్ కొద్ది సేపట్లో అయిపోతుంది. రోజులో మూడు నాలుగు గంటల ఊపిరితో రోజంతా ఎలా గడుస్తుంది? నన్ను బాగా ఆకట్టుకున్న ప్రశ్న ఇది. ఒత్తిడిలోని ఆక్సిజన్ కణాల కడుపు నింపడమే కాకుండా, గాయం నడతనే మారుస్తుంది.

ఆక్సిజన్ పుష్కలంగా ఉందని తెలియగానే రక్తనాళాలు కొద్దిగా ముడుచుకుంటాయి. చేతిలోకి వచ్చే రక్తం అయిదో వంతు దాకా తగ్గుతుంది. వినగానే కీడు అనిపిస్తుంది. కానీ వచ్చే ప్రతి చుక్కలోనూ ఆక్సిజన్ కిక్కిరిసి ఉంది కాబట్టి అందే మొత్తం తగ్గదు, పెరుగుతుంది. అదే సమయంలో లోపలికి వచ్చే నీరు తగ్గి, బయటికి పోయేది మామూలుగానే పోతుంటే వాపు తీస్తుంది. ముంపు పడిన చేనుకు పై తూము గేటు కాస్త దించి, మురుగు కాలువ తెరిచి ఉంచినట్టు. అందుకు మామూలు మందులు పనికిరావు. నాళాలను ముడిచే మందు ఇస్తే వాపుతో పాటు ఆక్సిజనూ తగ్గిపోతుంది.

రెండోది మరీ విచిత్రమైనది. గంటల తరబడి రక్తం అందని కండకు రక్తం తిరిగి పారించగానే అది కోలుకోవాలి కదా. చాలాసార్లు అప్పుడే ఎక్కువ దెబ్బతింటుంది. వేసవంతా కట్టేసిన కాలువకు జూన్‌లో నీరు వదిలితే మొదటి నీటితో పాటు గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తూముల్లో అడ్డం పడుతుంది. ఇక్కడ గుర్రపుడెక్క పాత్ర తెల్లరక్తకణాలది. ఆకలిగొన్న నాళాల గోడలు జిగటగా మారి వాటిని పట్టుకుంటాయి. అవి గుంపులుగా అతుక్కుని దారి మూసేయడమే కాకుండా, క్రిముల మీద వాడాల్సిన మంటలాంటి రసాయనాలను సొంత నాళాల మీదే కుమ్మరిస్తాయి. ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే ఈ మంట ఇంకా పెరుగుతుందని మొదట్లో చాలామంది భయపడ్డారు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది వేరు. ఒత్తిడిలో ఆక్సిజన్ ఇచ్చాక తెల్లకణాలకు గోడను పట్టుకునే గుణం కొన్ని గంటల పాటు తగ్గింది, క్రిములను చంపే శక్తి మాత్రం అలాగే ఉంది. ఎలుకల కండరాల్లో సూక్ష్మదర్శినితో చూస్తే, బోదెలు మూసుకుపోకుండా తెరుచుకునే ఉన్నాయి.

ఆ తర్వాత వచ్చేవి నెమ్మది పనులు. తెల్లకణం క్రిమిని చంపడానికీ, గాయాన్ని పూడ్చే కణాలు కొత్త పీచు అల్లడానికీ, ఆ పీచు మీద కొత్త నాళాలు పాకడానికీ ఆక్సిజన్ ముడిసరుకు. వీటికి రోజులు, వారాలు పడతాయి. నలుగుడు గాయంలో అసలు గెలుపోటములు మాత్రం మొదటి రెండు మూడు రోజుల్లోనే తేలిపోతాయని నా నమ్మకం.

## రుజువు ఎంత?

ఇంత అందమైన వివరణ ఉంది కాబట్టి పనిచేసి తీరుతుందనుకోవడం విజ్ఞానం కాదు. ఈ రంగానికి ఆ సంగతి గట్టిగా తెలిసొచ్చిన కథ ఒకటి ఉంది. అమెరికాలో ఓర్వల్ కన్నింగ్‌హామ్ అనే వైద్యుడు 1920లలో ఒత్తిడి పెంచిన గాలితో మధుమేహం, కేన్సర్ దాకా అన్నీ నయమవుతాయని ప్రచారం చేశాడు. 1928లో క్లీవ్‌లాండ్‌లో ఆయన కోసం 64 అడుగుల వ్యాసంతో ఉక్కు గోళం ఆకారంలో ఏకంగా ఆసుపత్రే కట్టారు. రుజువులు చూపమని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అడిగితే ఆయన చూపలేకపోయాడు. ఆసుపత్రి మూతపడింది. చివరికి 1942లో యుద్ధ అవసరాలకు ఆ ఉక్కును తుక్కుగా పట్టుకుపోయారు. అసలైన వైద్యానికి కూడా ఆ మచ్చ చాలా ఏళ్లు అంటుకుంది.

నలుగుడు గాయాల విషయంలో ముందుగా చెప్పుకోవలసింది ఫ్రాన్స్‌లోని ఆంజేలో చేసి 1996లో ప్రచురించిన అధ్యయనం. కాళ్లూ చేతులూ తీవ్రంగా నలిగిన 36 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. అందరినీ చాంబర్‌లోకే పంపారు, అందరికీ తలుపు మూసుకుంది. కానీ సగం మందికే రెండున్నర అట్మాస్ఫియర్లలో ఆక్సిజన్, మిగతావారికి మామూలు గాలి, పేరుకు కాస్త ఒత్తిడి. ఎవరికి ఏది అందుతోందో రోగులకు తెలియదు. ఆరు రోజులు, రోజుకు రెండుసార్లు. ఆక్సిజన్ అందిన 18 మందిలో 17 మందికి గాయం పూర్తిగా మానింది. గాలి అందినవాళ్లలో 10 మందికి. మళ్లీ ఆపరేషన్ అవసరమైంది అటు ఒకరికి, ఇటు ఆరుగురికి. సంఖ్య చిన్నదే, తేడా మాత్రం చిన్నది కాదు.

దానికంటే పెద్దది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ఆల్‌ఫ్రెడ్ ఆసుపత్రి నడిపించిన అంతర్జాతీయ అధ్యయనం. మోకాలి కింది ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చి, చుట్టూ కండ నలిగిన 120 మందిని చేర్చుకున్నారు. వాళ్లలో ఒక గుంపుకు ప్రమాదం జరిగిన 48 గంటల్లోపు చాంబర్ చికిత్స మొదలుపెట్టారు. 2022లో వచ్చిన ఫలితాలను ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. కండ చావడం, చీము పట్టడం రెండూ కలిపి ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలమానంలో చాంబర్ గుంపు మెరుగ్గానే కనిపించింది. అయితే ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పగలిగేంత పెద్దది కాదు. విడిగా కండ చావడాన్ని మాత్రమే చూస్తే చాంబర్‌కు వెళ్లినవాళ్లలో 29 శాతం, వెళ్లనివాళ్లలో 53 శాతం. ఎముక ఆలస్యంగా అతకడం లాంటి తర్వాతి ఇబ్బందులూ చాంబర్ గుంపులో బాగా తగ్గాయి.

వీటిని చూస్తే నాకు అనిపించేది ఇది: ఈ చికిత్స సర్జన్‌కు మంచి తోడు, సర్జన్‌కు బదులు కాదు. పెద్ద ధమని తెగిపోతే ముందు దాన్ని అతకాలి. ప్రధాన కాలువకే గండి పడ్డాక నీటిలో ఎంత ఆక్సిజన్ కరిగించినా చేనుకు చేరదు. చచ్చిన కండను కోసి తీయాలి, ఎముకను నిలబెట్టాలి, యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఇవన్నీ జరిగాక, కొనఊపిరితో ఉన్న ఆ నడిమి కండకు గడువు సంపాదించిపెట్టేది చాంబర్.

ఇదే పేరుతో నగరాల్లో అందానికీ, వయసు తగ్గడానికీ, హుషారుకూ అమ్ముతున్న మెత్తటి సంచులను దీనితో కలిపి చూడకండి. వాటిలో ఒత్తిడి సాధారణంగా 1.3 అట్మాస్ఫియర్లు. అందులో మామూలు గాలి పీల్చితే రక్తంలో కరిగే ఆక్సిజన్, వార్డులో మంచం మీద మంచి మాస్క్ పెట్టుకుంటే కరిగేదానికన్నా తక్కువ. నలిగిన చెయ్యి ఉన్నవాళ్లు అక్కడ ఒక్క గంట పోగొట్టుకున్నా అది నిజమైన నష్టం.

## నూనె రాసుకుని రావద్దు

ఆక్సిజన్ మందు. మోతాదు మించితే మందులన్నిటిలాగే విషం. ఎక్కువ ఒత్తిడి ఆక్సిజన్ మెదడును చికాకుపరిచి ఫిట్స్ తెప్పించగలదని పాల్ బెర్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1878లోనే చెప్పాడు. చికిత్స మధ్యలో గాలి విరామాలు ఇచ్చేది అందుకే. ఆ జాగ్రత్తలతో ఫిట్స్ చాలా అరుదు. తరచుగా వచ్చే బాధ చెవి పోటు. ఎక్కువ సిట్టింగులు తీసుకున్నవాళ్లకు కొన్ని వారాల పాటు దూరపు చూపు మసకబారి, తర్వాత సర్దుకోవచ్చు. ఊపిరితిత్తి చిల్లుపడి ఛాతీలో గాలి చేరినవాళ్లను మాత్రం, ఆ గాలి తీయకుండా చాంబర్‌లోకి పంపనే కూడదు. బయటికి వచ్చేటప్పుడు ఆ గాలి వ్యాకోచించి ప్రాణం తీస్తుంది. నలుగుడు ప్రమాదాల్లో ఛాతీకీ దెబ్బ తగలడం మామూలే, అందుకే ముందు ఎక్స్‌రే.

అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. ఆక్సిజన్ తనంత తాను మండదు కానీ, అది నిండిన చోట నూలుపోగు కూడా పేలినట్టు మండుతుంది. 1997లో ఇటలీలోని మిలాన్‌లో ఒక చాంబర్‌లో మంటలు లేచి 11 మంది చనిపోయారు. అందుకే ఆసుపత్రి ఇచ్చిన నూలు బట్టలే వేసుకోవాలి. ఫోన్, లైటర్, బ్యాటరీతో నడిచే వినికిడి యంత్రం బయటే వదలాలి. మన వాళ్లకు విడిగా చెప్పాల్సిన మాట ఇంకొకటి: తలకు కొబ్బరినూనె, ఒంటికి వేజలీన్, సెంటు పనికిరావు. స్నానం చేసి పొడి తలతో రమ్మని అన్నారంటే అది శుభ్రత కోసం మాత్రమే కాదు.

> చెయ్యి నలిగితే ఇంట్లో వెంటనే
>
> ఉంగరం, గాజులు, వాచీ తీసేయండి. అరగంట ఆగితే వాపులో ఇరుక్కుని కోత పెట్టి తీయాల్సి వస్తుంది. శుభ్రమైన తడి గుడ్డ వదులుగా కప్పండి. పసుపు, కాఫీపొడి, సున్నం అద్దకండి, డాక్టరుకు కండ రంగే కనబడదు. బిగుతు కట్టు, నాటు కట్టు వేయించవద్దు. లోపలి నుంచి ఉబ్బుతున్న మూటను బయటి నుంచీ బిగించినట్టవుతుంది. తోమడం, మర్దన చేయడం వద్దు. వేలు తెగిపోతే శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచునీళ్లలో ఉంచి తీసుకెళ్లండి. మంచు నేరుగా తగలకూడదు. నొప్పి మందులకు లొంగకుండా పెరుగుతున్నా, వేళ్లు కదిపితే ప్రాణం పోతున్నట్టున్నా వెంటనే ఆ మాట డాక్టరుకు చెప్పండి. బిగువు పెరుగుతోందనడానికి అది మొదటి గుర్తు.

## గంటల లెక్క

నలిగిన కండకు చాంబర్ ఎంత త్వరగా దొరికితే అంత మేలు. మొదటి ఆపరేషన్ అయిన వెంటనే, వీలైతే ప్రమాదం జరిగిన నాలుగు నుంచి ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలంటారు ఈ రంగంలోని వైద్యులు. వారం తర్వాత, నల్లబడిన వేళ్లను చూసి, ఇంకేమైనా చేయగలమా అని ఆలోచించేటప్పుడు చాంబర్ పేరు వినపడితే, అప్పటికి నడిమి కండ అటో ఇటో తేల్చుకుని ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే. క్వారీలు, రైసు మిల్లులు, చెరకు మిషన్లు ఉన్నది ఊళ్లలో. చాంబర్లు ఉన్నది కొన్ని పెద్ద నగరాల్లో. అవి కూడా ఎక్కువగా మానని షుగరు పుండ్లకు, రేడియేషన్ దెబ్బతీసిన కణజాలానికి వాడుతూ పగలు నడిచి సాయంత్రం తాళం వేసేవే. ప్రమాదం మాత్రం రాత్రి పదకొండుకు జరుగుతుంది. నలిగిన కేసులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రి ఆవరణలోనే ఒక చాంబర్, రాత్రి దాన్ని నడపగల ఒక టెక్నీషియన్, సర్జన్ నుంచి అక్కడికి ఒక ఫోన్ కాల్: ఈ మూడూ ఉంటే కాపాడగలిగే చేతుల గురించి ఆలోచిస్తే నాకు మనసు నిలవదు. కుటుంబం వాళ్లు క్యాజువాలిటీలో మొదటి గంటలోనే 'చాంబర్ ఎక్కడుంది, మా వాడికి పనికొస్తుందా' అని అడగడంలో తప్పు లేదు. పనికిరాదంటే ఎందుకో డాక్టరు చెబుతారు. పనికొస్తుందంటే గంటలు మిగులుతాయి.

అలా గంటలు మిగిలిన ఒక చెయ్యిని ఊహించుకోండి. మూడో సిట్టింగ్ అయింది. తలుపు తెరుచుకుంది, చల్లటి గాలి, చెవుల్లో చిన్న టప్‌మనే శబ్దం. నర్సు కట్టు అంచు కాస్త తొలగించి, ఉబ్బిన చూపుడువేలి గోరును తన బొటనవేలితో నొక్కుతుంది. తెల్లగా అవుతుంది. వదిలి లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు. మూడు పూర్తయ్యేలోపే గోరు అడుగు నుంచి ఎరుపు మెల్లగా కొస దాకా పాకుతుంది. ఆమె కేస్ షీటు మీద టైము రాసి, మంచాన్ని వార్డు వైపు తిప్పుతుంది.